నాలుగు చక్రాలకూ శ్రుతి

“బొమ్మకార్లతో ఆడుకునే వయసా మీది?” అని మమ్మల్ని అడగనివాళ్ళు మన కాలేజీలో తక్కువ. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. చూడ్డానికి అది బొమ్మే. మూరెడు కంటే కాస్త తక్కువ పొడవు, జానెడు దాటిన వెడల్పు, కిలోన్నర పైచిలుకు బరువు. పైన రంగు వేసిన పల్చటి ప్లాస్టిక్ టోపీ, నడిపేవాడి చేతిలో పిస్తోలు లాంటి రేడియో పెట్టె. కానీ ఆ టోపీ ఊడదీసి లోపలికి తొంగి చూడండి. ముందొక డిఫరెన్షియల్, వెనకొకటి, రెంటినీ కలుపుతూ నడుమ ఒక షాఫ్టు, దాని మీద జారుడు క్లచ్చి. నాలుగు చక్రాలకూ దేనికది విడిగా ఊగే చేతులు, ఒక్కో చేతికి ఒక స్ప్రింగు, నూనె నింపిన ఒక డాంపరు. మూడో సంవత్సరం పుస్తకంలో బొమ్మలుగా చూసి, పరీక్షలో గీసి, సెలవుల్లో మరిచిపోయేవన్నీ అక్కడ నిజంగా తిరుగుతూ కనిపిస్తాయి.

రేడియోతో నడిచే నాలుగు చక్రాల చోదన బగ్గీని, అంటే మోటారు శక్తి నాలుగు చక్రాలకూ అందే పందెపు బండిని, ఎలా బిగించాలి, ఎలా కుదర్చాలి అన్నది ఈ వ్యాసం విషయం. ట్యూనింగ్ అనే మాటకు మన సంగీతంవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న మాట ఉంది: శ్రుతి చేయడం. వీణ కొత్తదా పాతదా అన్నది తర్వాత, శ్రుతి కలిసిందా లేదా అన్నది ముందు. బండి సంగతీ అంతే. ఖరీదైన బండి కుదరకపోతే ముక్కు నేలకు గుద్దుకుంటుంది. మామూలు బండి కుదిరితే పందెం గెలుస్తుంది.

ఈ ఆట ఎక్కడిది?

ఈ ఆట పెరిగింది జపాన్, అమెరికా, ఇంగ్లండు దేశాల్లో. జపాన్‌కు చెందిన తమియా కంపెనీ 1979లో రఫ్ రైడర్ అనే బగ్గీని విడుదల చేసింది. దానికి వెనక చక్రాలకే శక్తి. 1985లో అదే కంపెనీ హాట్‌షాట్, మరో జపాన్ కంపెనీ క్యోషో ఆప్టిమా తెచ్చాయి. ఆ రెండూ నాలుగు చక్రాల చోదన బండ్లు. అదే 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో పదో వంతు కొలత విద్యుత్ బగ్గీలకు మొదటి ప్రపంచ పోటీ జరిగింది. నాలుగు చక్రాల తరగతిలో గిల్ లోసీ జూనియర్ అనే అమెరికన్ యొకోమో బండితో గెలిచాడు.

1987లో ఇంగ్లండులోని రామ్సీలో జరిగిన పోటీ గురించి మన మెకానికల్ వాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అక్కడ గెలిచినవాడు ఇంకా ఇరవై నిండని జపాన్ కుర్రవాడు మసామి హిరోసాకా. అతను నడిపింది షూమాకర్ వారి క్యాట్ అనే ఇంగ్లీషు బండి. దాని సృష్టికర్త సెసిల్ షూమాకర్ అంతకుముందు కాస్వర్త్ సంస్థలో ఇంజనీరు. నిజం కార్ల గేర్లు, ఇరుసులు తెలిసిన మనిషి. చిన్న కార్లకు ఉక్కు గోళీలతో నడిచే డిఫరెన్షియల్ చేసి ఈ రంగంలోకి వచ్చాడు. పెద్ద బండి తెలిసినవాడు చిన్నబండి దగ్గరికి బొమ్మ అనుకుని రాలేదు. ఇక హిరోసాకా మొత్తం మీద 14 ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు.

చిన్నబండికి వేరే లెక్క

మా బండి గంటకు 40 కిలోమీటర్లు దాటి పోతుంది. “పదో వంతు బండి కదా, అంటే అసలు కారు 400 పోయినట్టు!” అని కొందరు మురిసిపోతారు. భౌతికశాస్త్రం అలా ఒప్పుకోదు. కొలత పదో వంతుకు తగ్గితే వైశాల్యం వందో వంతుకు, బరువు వెయ్యో వంతుకు తగ్గుతాయి. బరువు తగ్గినంతగా భాగాల బలం తగ్గదన్నమాట. అందుకే మా బండి మనిషి నడుం ఎత్తు నుంచి పడి, దులుపుకుని పోతుంది. అసలు కారు దాని లెక్కకు తగ్గ ఎత్తు నుంచి పడితే మిగిలేది ఇనుప సామాను.

అయితే భూమి ఆకర్షణ తగ్గదు, మట్టిగడ్డలూ చిన్నవి కావు. నిమ్మకాయంత రాయి ఈ బండికి గుమ్మడికాయను మించిన బండరాయి. పైగా స్ప్రింగు మీద బండి ఊగే వేగం పెద్ద కారుకంటే సుమారు మూడు రెట్లు. కుంగుదల పదో వంతైతే ఊగుడు వేగం 10కి వర్గమూలమంత పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నడిపేవాడు సీట్లో లేడు, ఇరవై గజాల అవతల అరుగు మీద నిలబడి ఉన్నాడు. బండి జారుతోందన్న సంగతి అసలు కారు డ్రైవరుకు నడుముకు తెలుస్తుంది, మనకు కంటితో తప్ప తెలియదు. అందుకని బండి కుదిర్చేటప్పుడు నడిపేవాడొకడు, ఒకే మలుపు దగ్గర కూర్చుని చూసేవాడొకడు ఉండాలి. ఇద్దరి మాటా కలిస్తేనే నిజం.

ముందు బిగింపు

కుదర్చడానికి ముందు బండి సవ్యంగా బిగిసి ఉండాలి. లేకపోతే మనం కుదిర్చేది బండిని కాదు, దాని జబ్బును.

మొదటి పరీక్ష: మోటారు పళ్ళచక్రం విడదీసి చక్రాన్ని వేలితో తిప్పండి. ఎక్కడా పట్టకుండా, గరగరలాడకుండా తిరగాలి. దుమ్ము తిన్న బేరింగు ఒక్కటున్నా బ్యాటరీ సగం దానికే ఖర్చు. రెండోది: మోటారు మీది చిన్న పళ్ళచక్రానికీ పెద్ద పళ్ళచక్రానికీ మధ్య సందు. నోటుబుక్కు కాగితం ముక్కను రెంటి మధ్య నలిగేలా పెట్టి మోటారు బిగించి, తర్వాత కాగితం లాగేయండి. అంత సందు చాలు. ఎక్కువైతే పళ్ళు అరుగుతాయి, తక్కువైతే మోటారు కాగుతుంది. మూడోది: ఇనుములోకి దిగే మరలకు ఊడకుండా పట్టే మందు ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి వేయకూడదు, ప్లాస్టిక్ చిట్లుతుంది.

నాలుగోది డాంపర్లు. నూనె పోశాక పిస్టన్ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఓపిక పట్టాలి. గాలి మిగిలితే డాంపరు కీచుమంటుంది, నాలుగు నాలుగు రకాలుగా పనిచేస్తాయి. కుడి ఎడమల పొడవు సమానంగా ఉండాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా బండి ఒక మలుపు బాగా తిరిగి, రెండో వైపు మలుపులో మొండికేస్తుంది.

రేడియో సంగతి

ఒకప్పుడు ఈ రేడియోలు 27 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాల మీద స్ఫటికాలతో పనిచేసేవి. ఇద్దరి దగ్గర ఒకే స్ఫటికం ఉంటే ఒకడి రేడియోకి ఇంకొకడి బండి పరిగెత్తేది. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక పెట్టెకూ బండికీ ముందే జత కుదిర్చి పెడతాం కనుక ఆ గొడవ పోయింది. కానీ పాత క్రమశిక్షణ ఒకటి ఇప్పటికీ మంచిదే. ముందు చేతి పెట్టె వెలిగించాలి, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత పెట్టె. సంకేతం తెగిపోతే మోటారు ఆగిపోయే ఏర్పాటు బండిలో ఉంటుంది. దాన్ని సరిచేసుకుని, చక్రాలు గాలిలో ఉంచి, పెట్టె ఆర్పి పరీక్షించాలి. కిలోన్నర పైబడిన వస్తువు 40 కిలోమీటర్ల వేగంతో పసిపిల్లవాడి కాలికి తగిలితే అది బొమ్మ కాదు.

స్టీరింగు మోటారు మీది కొమ్మును విద్యుత్ ఇచ్చి, మధ్యలో నిలిపి, అప్పుడే నిటారుగా బిగించాలి. తర్వాత చక్రాలు చివరిదాకా తిరిగి ఆగేచోట రేడియోలో హద్దు పెట్టాలి. హద్దు దాటి తోస్తే ఆ చిన్న మోటారు గుంజుకుంటూనే ఉండి కాలిపోతుంది.

పళ్ళచక్రాల లెక్క

ఇది పెన్నూ కాగితంతో చేసే పని. మా బండిలో పెద్ద పళ్ళచక్రానికి 70 పళ్ళు, మోటారు మీదిదానికి 20. అంటే 3.5. లోపలి గేర్ల నిష్పత్తి 2.6. రెండూ గుణిస్తే 9.1. మోటారు 9.1 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. మా మోటారు వోల్టుకు నిమిషానికి 3,300 చుట్ల రకం, బ్యాటరీ 7.4 వోల్టులు. గుణిస్తే 24,420 చుట్లు. దాన్ని 9.1తో భాగిస్తే చక్రానికి సుమారు 2,680. చక్రం వ్యాసం 85 మిల్లీమీటర్లు కనుక ఒక్క చుట్టుకు సుమారు 267 మిల్లీమీటర్లు పోతుంది. లెక్క కడితే గంటకు 43 కిలోమీటర్లు. భారం పడినప్పుడు ఇందులో కొంత తగ్గుతుంది.

20 పళ్ళ బదులు 22 వేస్తే 47 కిలోమీటర్లు, 18 వేస్తే 39 దగ్గర. మరి 22 వేస్తే పోదా? అక్కడే ఉంది తిరకాసు. మన మైదానంలో వేసుకున్న బాట మెలికల బాట. పొడవైన తిన్నని దారి 25 అడుగులు మించదు. అంతలో పై వేగం అందుకునే వీలే లేదు. మలుపు నుంచి ఎంత చురుగ్గా లేస్తుందన్నదే ముఖ్యం. పెద్ద పళ్ళచక్రం వేస్తే వేగం దక్కదు, మోటారు మాత్రం కాగుతుంది. ఐదు నిమిషాలు నడిపి మోటారు వేడి చూడండి. 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంటే మోటారు మీది పళ్ళు ఒకటో రెండో తగ్గించాలి. బయటి గాలే 42 డిగ్రీలుండే మన మే నెలలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

నడుమ షాఫ్టు మీది జారుడు క్లచ్చిని మరీ బిగిస్తే గంతు దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ గేర్ల పళ్ళ మీద పడుతుంది. మరీ వదులైతే శక్తంతా వేడి అయిపోతుంది. నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా లాగించినప్పుడు అడుగు రెండడుగుల దూరం సన్నగా జిర్రుమని, తర్వాత పట్టుకోవాలి.

డబ్బుంటే ముందు టైర్లు కొనండి

మా జట్టులో పెద్ద వాదం దీని మీదే వచ్చింది. విద్యార్థి సంఘం ఇచ్చిన డబ్బుతో ఇంకా వేగమైన మోటారు కొనాలని ముగ్గురు, టైర్లు కొనాలని ముగ్గురు. నేను టైర్ల పక్షం. కారణం చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. మోటారు ఎంత శక్తి ఇచ్చినా, స్ప్రింగు ఎంత బాగా పనిచేసినా, అదంతా నేలకు చేరేది నాలుగు టైర్ల కింద ఉన్న నాలుగు బొటనవేళ్ళంత చోటు నుంచే. అక్కడ పట్టు లేకపోతే అదనపు శక్తి దుమ్ము లేపడానికే పనికొస్తుంది.

వదులు మట్టిలో పొడవైన, దూరం దూరంగా ఉన్న ముళ్ళ టైర్లు కావాలి. అవి పై దుమ్మును చీల్చుకుని కింది గట్టినేలను పట్టుకుంటాయి. గట్టిపడిన నేల మీద పొట్టి, దగ్గర దగ్గర ముళ్ళు మేలు. అక్కడ పొడవు ముళ్ళు వంగిపోయి బండి తేలుతుంది. బాగా నున్నబడ్డ బంకమట్టి బాట మీదైతే అరిగిన టైరే కొత్తదానికంటే బాగా పట్టుకుంటుంది. లోపలి స్పాంజి గట్టిదనం కూడా లెక్కలోకి వస్తుంది. టైరును చక్రానికి జిగురుతో చుట్టూ అంటించాలి. లేకపోతే మలుపులో టైరు ఒకవైపు, చక్రం ఒకవైపు.

మన మైదానం ఎర్రమట్టి, పైన గరుసు. పొద్దున కళ్ళాపి చల్లినట్టు నీళ్ళు చల్లితే గంటసేపు బ్రహ్మాండమైన పట్టు. ఎండెక్కేసరికి పైన పొడి తేలి పట్టు సగమవుతుంది. తొమ్మిదింటికి కుదిరిన బండి పదకొండింటికి వేరే బండిలా ప్రవర్తిస్తుంది. మారింది బండి కాదు, నేల. ఈ తేడా తెలియనివాడు మధ్యాహ్నమంతా మరలు తిప్పుతూనే ఉంటాడు. ఆఖరికి పందెం గెలిచింది మోటారా టైర్లా అంటారా? సంఘం కోశాధికారి గారు టైర్లకే సంతకం పెట్టారు, మోటారు పాతదే ఉంది.

ఎత్తు, స్ప్రింగు, నూనె

బండి అడుగుకూ నేలకూ మధ్య ఎంత ఎత్తుండాలి? మట్టిబాటకు 20 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. బ్యాటరీతో సహా అన్నీ పెట్టి, జానెడు ఎత్తు నుంచి బల్ల మీద వదిలి, అది స్థిరపడ్డాక కొలవాలి. ఎత్తు తగ్గిస్తే మలుపులో బండి తక్కువ ఒరుగుతుంది, కానీ గుంతల్లో కడుపు కొట్టుకుంటుంది. గతుకులు ఎక్కువైతే రెండు మిల్లీమీటర్లు పెంచండి.

స్ప్రింగుల సూత్రం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఏ వైపు మెత్తన చేస్తే ఆ వైపు పట్టు పెరుగుతుంది. మలుపులో బండి ముక్కు తిరగకుండా తిన్నగా బయటికి పోతోందా? ముందు స్ప్రింగు మెత్తన చేయండి, లేదా వెనకది గట్టి చేయండి. తోక విసిరి బండి బొంగరంలా తిరుగుతోందా? దానికి విరుగుడు వెనక మెత్తన, లేదా ముందు గట్టి.

స్ప్రింగు బండిని ఎత్తి పట్టుకుంటుంది, డాంపరు దాని ఊగిసలాటను ఆపుతుంది. లోపలి నూనె చిక్కదనాన్ని సెంటీస్టోకుల్లో చెబుతారు. గది వేడిమిలో నీరు సుమారు 1. మన ఆముదం వెయ్యి లోపు. డాంపర్లలో వాడే సిలికాన్ నూనె సాధారణంగా 350 నుంచి 500 మధ్య. గంతు దిగాక బండి రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడుతుంటే నూనె పలచన. చిన్న గతుకుల మీద టకటక కొట్టుకుంటూ నేలను వదిలేస్తుంటే నూనె చిక్కన. దిగిన వెంటనే ఒక్కసారి కుంగి, లేచి, నిలబడితే కుదిరినట్టు. ఇంకొక మాట. వేడికి సిలికాన్ నూనె కూడా పలచబడుతుంది. జనవరిలో కుదిరిన నూనె మే నెలకు సరిపోదు, ఒక మెట్టు చిక్కనిది పోయాలి. విదేశీ పుస్తకాల్లోని అంకెల్ని ఉన్నవున్నట్టు మన ఎండలోకి తెచ్చుకుంటే కుదరదు.

ఎద్దుబండి చెప్పే పాఠం

నాలుగు చక్రాల చోదనలో అసలు ప్రాణం డిఫరెన్షియల్. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎద్దుబండి చాలు. ఎద్దుబండికి రెండు చక్రాలూ ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి. లాగేది ఎద్దులు కనుక పేచీ లేదు. కానీ చక్రాలనే మోటారు తిప్పాలంటే, రెంటినీ ఒకే కమ్మీకి బిగిస్తే మలుపులో ఒకటి ఈడ్చుకుపోతుంది. రెంటికీ శక్తినిస్తూనే వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటే డిఫరెన్షియల్.

దాని లోపం కూడా పల్లెవాళ్ళకు తెలుసు. దమ్ము చేసే పొలంలో ట్రాక్టరు దిగబడితే ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటుంది, రెండోది కదలదు. పట్టు లేనివైపే కదలిక అంతా పోతుంది. ట్రాక్టరుకు దానికొక తాళం ఉంటుంది. మా బండికి తాళం బదులు డిఫరెన్షియల్ డబ్బాలో చిక్కటి సిలికాన్ నూనె పోస్తాం. చిక్కదనం పెరిగేకొద్దీ రెండు చక్రాలూ కలిసి తిరగడానికి మొగ్గుతాయి.

సాధారణంగా ముందు డబ్బాలో వెనకదానికంటే చిక్కటిది పోస్తారు. ముందు 7,000, వెనక 5,000 సెంటీస్టోకులతో మొదలుపెట్టవచ్చు. ముందుది ఇంకా చిక్కనైతే మలుపు నుంచి లాగించేటప్పుడు ముందు చక్రాలు రెండూ బండిని బాట మీదికి లాక్కుపోతాయి. కానీ శక్తి వదిలి మలుపులోకి దిగేటప్పుడు ముక్కు కాస్త బిగుసుకుంటుంది. పలచనైతే మలుపులోకి చురుగ్గా దిగుతుంది, బయటికి వచ్చేటప్పుడు లాగుడు తగ్గుతుంది. వెనకది పలచనైతే మలుపులో తోక నేలను అంటిపెట్టుకుంటుంది. చిక్కనైతే శక్తి ఇచ్చినప్పుడు తోక తిరగబోతుంది.

బరువు సంగతీ ఎద్దుబండే చెబుతుంది. వెనక బస్తా ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దు మెడ మీద పడుతుంది. బ్యాటరీని ఒక అంగుళం ముందుకు జరిపితే ముందు టైర్లకు భారం, దానితో పట్టు. వెనక్కి జరిపితే వెనక టైర్లకు. వంటింటి తూకం యంత్రాలు రెండు తెచ్చి, ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి ఇంకొకదాని మీద నిలిపితే లెక్క చేతికొస్తుంది.

ఇక చక్రాల వాలు. నాలుగు చక్రాల పైభాగమూ లోపలికి ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉండాలి. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు నేలకు చదునుగా ఆనుతుంది. పై నుంచి చూస్తే వెనక చక్రాల ముందుఅంచులు లోపలికి రెండు మూడు డిగ్రీలు తిరిగి ఉండాలి. తిన్నగా పోయేటప్పుడు తోక ఊగకుండా ఉండేది దానివల్లే. ముందు చక్రాలు దాదాపు తిన్నగా ఉంటే చాలు.

ఒకసారికి ఒక్కటే

ఇన్ని మరలున్నాయి కదా, ఏది ముందు తిప్పాలి? మా వర్క్‌షాపులో ఫిట్టరుగారు చెప్పిన మాట నేను నాలుగేళ్ళలో విన్న ఏ లెక్చరుకూ తీసిపోదు: “బాబూ, రెండు మరలు ఒక్కసారే తిప్పావంటే, పని చేసింది ఏదో దేవుడికి కూడా తెలవదు.” స్ప్రింగు మార్చి, నూనె మార్చి, టైరు మార్చి, బండి బాగుపడితే మీకు అదృష్టం దక్కిందే కాని విద్య దక్కలేదు. ఒక్కటి మార్చండి. అదే మనిషి, అదే బ్యాటరీ స్థాయి, అదే బాట మీద పది చుట్లు నడపండి. రాసుకోండి. బాగులేకపోతే మళ్ళీ మొదటికే తెచ్చి, ఆ తర్వాతే రెండోదాని మీద చెయ్యి వేయండి.

రాసేటప్పుడు వేగమైన ఒక్క చుట్టును కాదు, పది చుట్ల సగటును రాయండి. ఒక లెక్క చూడండి. రాముడు చుట్టు 22 సెకన్లలో కొడతాడు, కాని ఐదు నిమిషాల్లో రెండుసార్లు తిరగబడి చెరొక 10 సెకన్లు పోగొట్టుకుంటాడు. భీముడు నిదానంగా 23 సెకన్లకొక చుట్టు, ఎక్కడా పడకుండా. ఐదు నిమిషాల గంట కొట్టేసరికి రాముడికి 12 చుట్లు పూర్తవుతాయి, భీముడికి 13. కుదర్చడమంటే బండిని వేగం చేయడం కాదు, నడిపేవాడికి అది నమ్మకంగా ఉండేలా చేయడం.

రాసుకోవడం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా చేతికి ఈ బండి సీనియర్ల నుంచి వచ్చినప్పుడు పెట్టె నిండా సామాను ఉంది, కాగితం ముక్క మాత్రం లేదు. డబ్బాల్లో ఏ నూనె ఉందో, ఏ స్ప్రింగు ఎంత గట్టిదో, ఎందుకు అలా పెట్టారో చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళు మూడేళ్ళు కష్టపడి నేర్చుకున్నదంతా వాళ్ళతోనే రైలెక్కి వెళ్ళిపోయింది. మేం ఓనమాల నుంచి మొదలుపెట్టాం. ఇది ఒక్క బండి కథ కాదు. మన కాలేజీలో ఎన్ని ప్రాజెక్టులు ఇలాగే ప్రతి జూన్‌లో చచ్చి మళ్ళీ పుడుతున్నాయో అధ్యాపకులకు తెలుసు. నిజం బగ్గీ కట్టి 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి వెళ్ళాలని మన జూనియర్లకు కోరిక ఉంది. మంచి కోరిక. ఆ బండికీ ఇవే స్ప్రింగులు, ఇదే వాలు, ఇదే తూకం. కాకపోతే అక్కడ సీట్లో మనిషి కూర్చుంటాడు. రాసుకునే అలవాటు ఈ చిన్నబండి దగ్గర రాకపోతే, ఆ బండి దగ్గర నేర్చుకోవడానికి టైమూ ఉండదు, డబ్బూ ఉండదు.

బ్యాటరీ జాగ్రత్త

హాస్టలు మిత్రులకు ఒక్క మాట. ఈ బండ్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ చిన్నదే గాని కోపిష్టిది. ఒక్కో గదికి 4.2 వోల్టులకు మించి ఎక్కించకూడదు, 3 వోల్టుల కిందికి దించకూడదు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. దానికి తగిన చార్జరుతో, మంచం మీద కాక గచ్చు మీద, కళ్ళెదుటే చార్జి చేయాలి. చార్జింగులో పెట్టి మెస్సుకు వెళ్ళడం, నిద్రపోవడం వద్దు. ఉబ్బిన బ్యాటరీ ఎంత కొత్తదైనా దాన్ని మళ్ళీ వాడొద్దు. మంట అంటుకుంటే పోయేది బండి ఒక్కటే కాదు, పక్క గదివాడి సర్టిఫికెట్లు కూడా.

చివరగా

ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం నడపడానికి సంబంధించింది కాదు. మన పందెం అయిపోగానే ఇంటికి పోకూడదు. తర్వాతి పందెంలో బాట పక్కన నిలబడి, తిరగబడిన బండి ఎవరిదైనా పరిగెత్తి నిలబెట్టాలి. ఇందాక మనల్ని ఓడించినవాడి బండి అయినా సరే, అంతే వేగంగా పరిగెత్తాలి. ప్రపంచ పోటీల్లోనూ ఇదే పద్ధతి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఏడాదితో మా పందెం అయిపోయింది. బండి, పనిముట్ల పెట్టె, ఆరు జతల టైర్లు వర్క్‌షాపు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఫిట్టరుగారి దగ్గర. ఈసారి పెట్టెలో అన్నిటికంటే పైన ఒక నోటుబుక్కు ఉంది. ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు, ఎండినప్పుడు, జనవరిలో, మే నెలలో బండి ఎలా పోయిందో, ఏ మర ఎందుకు తిప్పామో, పనికిరాని మార్పులతో సహా అందులో ఉంది. మీరు దాన్ని నమ్మనక్కర్లేదు. ఒక్కొక్కటే మార్చి పరీక్షించి చూడండి, తప్పని తేలితే పక్కనే తేదీ వేసి రాయండి. అరవై పేజీలు నిండాయి, మిగిలినవి ఖాళీగా ఉన్నాయి.